పదేళ్ల నాటి ఐ5 స్థానంలో రైజెన్ 5 8600జీ: గ్రాఫిక్స్ కార్డు లేని కొత్త డెస్క్‌టాప్ సమీక్ష

ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 లేదా 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో, ఇళ్లలో ఇంకా నడుస్తున్న పాత డెస్క్‌టాప్ పక్క తలుపు విప్పితే చాలాచోట్ల కనిపించే సరంజామా ఇదే. గట్టి మెషీన్లవి. దుమ్ము దులిపి, పేస్ట్ మార్చి, ఎస్‌ఎస్‌డీ వేస్తే టైపింగ్ పని ఇప్పటికీ చేసిపెడతాయి. అయితే విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. బ్యాంకు పనులు, ఆధార్ కాగితాలు, కస్టమర్ల ఫైళ్లు ఉండే మెషీన్‌ను అప్‌డేట్లు లేకుండా నెట్‌కు తగిలించి ఉంచడం మంచిది కాదు.

అలాంటి మెషీన్‌ను దించి కొత్తది పెట్టుకునేవారికి, గ్రాఫిక్స్ కార్డు కొనే ఉద్దేశం లేనివారికి ఏఎండీ రైజెన్ 5 8600జీ చక్కగా సరిపోతుందని మా అభిప్రాయం. ఒక్క షరతు: ర్యామ్ తప్పనిసరిగా జతగా, అంటే రెండు స్టిక్‌లుగా ఉండాలి. అది తప్పితే ఈ ప్రాసెసర్‌కు పెట్టిన అదనపు డబ్బులో చాలా భాగం వృథా. సికింద్రాబాద్ సీటీసీలో గానీ, మీ ఊరి కంప్యూటర్ షాపులో గానీ కొటేషన్ అడిగితే చేతికిచ్చే చీటీలో 'రైజెన్ 5, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్' అని నాలుగు ముక్కలుంటాయి (ఎస్‌ఎంపీఎస్ అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె). ఆ చీటీలో రాయని విషయాలను బట్టే మెషీన్ ఎలా నడుస్తుందో తేలుతుంది.

ముందు ప్రాసెసర్ సంగతి. 8600జీ 2024 జనవరి చివర్లో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 4.3 నుంచి 5 గిగాహెర్ట్జ్ వేగం, 65 వాట్ల తరగతి. లోపలే రేడియాన్ 760ఎం గ్రాఫిక్స్ ఉంది. పాత ఐ5 4590ని పక్కన పెట్టి చూస్తే అది 4 కోర్లు, 4 థ్రెడ్లు, 3.7 గిగాహెర్ట్జ్ వరకు వేగం, 84 వాట్లు. 8600జీ బాక్స్ ప్యాక్‌లో రేత్ స్టెల్త్ కూలర్ కూడా వస్తుంది, ఏఎండీ 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. కాస్త తక్కువకు ఇస్తామంటూ చూపించే ట్రే (పెట్టె లేకుండా విడిగా అమ్మే) ప్రాసెసర్‌కు కూలరూ రాదు, ఏఎండీ నేరుగా ఇచ్చే ఆ వారంటీ కూడా వర్తించదు. బాక్స్ ప్యాక్ అనే మాటను చీటీలో రాయించుకోండి, సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి.

తేడా ఎక్కడ తెలుస్తుందో చూద్దాం. పాత మెషీన్‌లో హార్డ్ డిస్క్ మాత్రమే ఉండి ఉంటే, ఆన్ చేయగానే కనిపించే వేగంలో పెద్ద వాటా ప్రాసెసర్‌ది కాదు, ఎస్‌ఎస్‌డీది. హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదువుతుంది, తీగతో తగిలించే సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, బోర్డు మీదే బిగించే నాలుగో తరం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 5000 పైన. కేవలం బిల్లులు కొట్టుకునే మెషీన్ అయితే పాతదానికి సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కించి ఇంకో రెండేళ్లు నెట్టుకురావచ్చు. హెచ్81 బోర్డు మీద ఉండే నాలుగు సాటా పోర్టుల్లో రెండే వేగమైనవి. మిగతా రెంటిలో తగిలిస్తే ఎస్‌ఎస్‌డీ వేగం సగానికి పడిపోతుంది. బోర్డు మీద పోర్టు పక్కన రాసిన పేరు చూసి తగిలించాలి.

ఎస్‌ఎస్‌డీతో తీరని ఇబ్బంది వీడియోది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో వీడియో పంపుతుంది. నాలుగో తరం ఐ5లోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌కు వాటిని పూర్తిగా తనే విప్పుకునే హార్డ్‌వేర్ లేదు. ఆ భారం కోర్ల మీద పడుతుంది, అందుకే వీడియో పెట్టగానే ఫ్యాన్ హోరెత్తుతుంది. 8600జీలోని గ్రాఫిక్స్ ఏవీ1ను సొంతంగా విప్పగలదు, కూర్చగలదు కూడా. 4కే వీడియో నడుస్తుండగా పక్కన ఇన్‌డిజైన్‌లో పేజీ దిద్దుకోవచ్చు. ఫుల్ హెచ్‌డీలో తేలికపాటి ఆటలు, పెళ్లి వీడియోల ఎడిటింగ్‌లో చిన్న పనులు ఆడుతూ పాడుతూ చేస్తుంది. భారీ ఆటలు, గంటల కొద్దీ 4కే రెండరింగ్ దీని పని కాదు.

ర్యామ్ ఎందుకు జతగానే ఉండాలి

లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. మీరు వేసిన ర్యామ్‌నే అది వాడుకుంటుంది. డీడీఆర్5 5200 స్టిక్ ఒక్కటే వేస్తే సెకనుకు గరిష్ఠంగా 41.6 జీబీ దారి మాత్రమే ఉంటుంది, దాన్నే ప్రాసెసరూ గ్రాఫిక్సూ పంచుకోవాలి. రెండు వేస్తే 83.2 జీబీ. జత 6000 వేగానిదైతే 96 జీబీ. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, వారం వారం మారుతున్నాయి. అందుకే ఈ సమీక్షలో రూపాయల లెక్కలు ఇవ్వడం లేదు. ఆ ధర చూసి 'ఇప్పుడు ఒక 16 జీబీ స్టిక్ వేద్దాం, ఇంకోటి తర్వాత చూద్దాం' అనిపించడం సహజమే. ఆ 'తర్వాత' వచ్చేదాకా గ్రాఫిక్స్ సగం దారిలోనే నడుస్తుంది. పైగా అప్పటికి అదే కంపెనీ, అదే మోడల్ దొరకకపోతే జత కుదరడం కష్టం.

ఇంకో పొరపాటు, ఇప్పుడు రెండు 8 జీబీలు వేసి తర్వాత మరో రెండు 8 జీబీలు జోడించాలనుకోవడం. 8600జీ కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డుల్లో నాలుగు స్టిక్‌లు వేస్తే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 5200 నుంచి 3600కి పడిపోతుంది. అదీకాక 8 జీబీ డీడీఆర్5 స్టిక్‌లో సాధారణంగా నాలుగే చిప్‌లుంటాయి. లోపలి అమరిక వల్ల 16 జీబీ స్టిక్ కన్నా అది కాస్త వెనకబడుతుంది. కాబట్టి వీలైతే 16 జీబీలవి రెండు. బడ్జెట్ అస్సలు కుదరకపోతే 8 జీబీలవి రెండు వేసుకోండి, 32 కావాలనుకున్న రోజు ఆ రెండూ తీసి అమ్మేసి కొత్త జత వేయండి. రెండు స్టిక్‌లూ ఒకే ప్యాకెట్లో వచ్చే కిట్ అయితే మేలు, దాని మీద ఎక్స్‌పో (ర్యామ్‌ను కిట్ మీద రాసిన వేగంతో నడిపే ఏఎండీ సెట్టింగ్) అనే గుర్తు ఉండాలి.

నాలుగు స్లాట్ల బోర్డులో వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో వేయాలి. పక్కపక్కనే ఒకటి, రెండులో వేస్తే రెండూ ఒకే దారి మీద పడతాయి. షాపులోనే డబ్బు కట్టేముందు టాస్క్ మేనేజర్ తెరిపించి పర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. రెండు స్లాట్లు వాడుతున్నట్టు, వేగం కిట్ మీద రాసినంత ఉన్నట్టు కనిపించాలి. 6000 కిట్ వేసినా అక్కడ 4800 అనే ఉంటే బయోస్‌లో (బోర్డులో ముందే ఉండే సెట్టింగ్‌ల ప్రోగ్రాంలో) ఎక్స్‌పో ఆన్ చేయలేదన్నమాట. మొత్తం ర్యామ్‌లో కొంత తగ్గి కనిపించడం మాత్రం లోపం కాదు. అది గ్రాఫిక్స్ కోసం పక్కకు పెట్టిన భాగం.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు వచ్చే నల్ల తెర

సొంతంగా బిగించుకునేవారిని ఎక్కువగా భయపెట్టేది ఇదే. స్విచ్ వేస్తారు, ఫ్యాన్లు తిరుగుతాయి, బోర్డు మీద డీర్యామ్ అనే చిన్న లైటు వెలుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. నిమిషం చూసి పవర్ తీసేస్తారు, మళ్లీ వేస్తారు, మళ్లీ అదే. ర్యామ్ చెడిపోయిందని షాపుకు పరుగెత్తుతారు. నిజానికి ఆ సమయంలో బోర్డు ఈ ర్యామ్‌తో ఏ వేగంలో, ఏ వోల్టేజీలో తప్పుల్లేకుండా మాట్లాడగలదో ఒక్కో విలువా మార్చి పరీక్షించుకుంటోంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5తో ఏఎం5 బోర్డుల మీద మొదటిసారి దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది, ర్యామ్ ఎక్కువయ్యేకొద్దీ ఇంకా పడుతుంది. మధ్యలో పవర్ తీస్తే కథ మళ్లీ మొదటికి. పదిహేను నిమిషాల వరకు కదిలించకండి. అప్పటికీ తెర రాకపోతే ఒక్క స్టిక్‌ను రెండో స్లాట్‌లో ఉంచి ప్రయత్నించండి. ఎక్స్‌పో ఆన్ చేసిన వెంటనే ఇంకోసారి ఇలాగే ఆలస్యమవుతుంది. ప్రతిరోజూ ఆలస్యమవుతుంటే బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి. అది ఆన్ చేశాక మెషీన్ అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతుంటే బయోస్ అప్‌డేట్ చేయండి, లేదా ఆ ఆప్షన్ ఆపేయండి.

ఎంతసేపైనా తెర రాకపోవడానికి ఇంకో కారణం బోర్డు పాత స్టాక్ కావడం. ఈ ప్రాసెసర్‌కు వాడే బీ650, ఏ620 బోర్డులు 8600జీ కన్నా ముందే మార్కెట్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీలో ఎక్కించిన పాత బయోస్‌కు ఈ ప్రాసెసర్ తెలియకపోవచ్చు. కాబట్టి బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోండి, లేకపోతే షాపులోనే అప్‌డేట్ చేయించి తెచ్చుకోండి. బటన్ ఉంటే పని సులువు: కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ ఫైలు దించి, వాళ్లు చెప్పిన పేరు పెట్టి, ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, వెనక గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి, బటన్ మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లైటు మిణుకుమిణుకుమనడం ఆగేదాకా పవర్ పోకూడదు, కాబట్టి యూపీఎస్ మీదే చేయండి. 2024 మొదట్లోని బయోస్‌లలో ఎక్కువసేపు లోడ్ పడితే ఈ ప్రాసెసర్ పవర్‌ను తగ్గించేసే లోపం కూడా ఉండేది. తర్వాతి బయోస్‌లలో అది సరిచేశారు. అందువల్ల తెర వచ్చినా సరే, బయోస్ కొత్తది చేసుకోవడం మంచిది.

బిగింపులో జాగ్రత్తలు మూడే చెబుతాం. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌కు ఉంటాయి. వెంట్రుకల్లాంటి ఆ పిన్నుల్లో ఒక్కటి వంగినా వారంటీ దక్కదు. ప్రాసెసర్‌ను మూల గుర్తు చూసి నిలువుగా దించండి, జరపకండి, సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత పారేయకండి. వారంటీకి పంపాల్సి వస్తే అడిగేది దాన్నే. రేత్ స్టెల్త్ కూలర్ బిగించాలంటే బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ దిమ్మెలు విప్పేయాలి. ఆపై నాలుగు స్ప్రింగ్ స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా బిగించాలి. కూలర్ అడుగున పేస్ట్ ముందే పూసి ఉంటుంది, దాని మీద ఇంకో పేస్ట్ వేయొద్దు. ఎన్‌వీఎంఈ మీద వేసే రేకు అడుగున ప్యాడ్‌కు అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీయడం చాలామంది మరచిపోతారు.

కూలర్ గురించి మా మాట: మామూలు పనికి చాలు. మే నెలలో ఏసీ లేని గదిలో వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం చప్పుడు చేస్తుంది. బయోస్‌లో ఎకో మోడ్ 45 వాట్లకు పెడితే వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి, హోరు బాగా తగ్గుతాయి. డీటీపీ పనికి ఆ తేడా తెలియదు కూడా.

పాతవాటిలో ఏవి పనికొస్తాయి

డీడీఆర్3 ర్యామ్, పాత ప్రాసెసర్ కూలర్ పనికిరావు. మామూలు ఏటీఎక్స్ కేబినెట్ అయితే ఉంచుకోవచ్చు, కంపెనీ డెస్క్‌టాప్‌ల సన్న కేబినెట్లలో కొత్త బోర్డు సాధారణంగా పట్టదు. పాత బోర్డు విప్పాక అడుగున ఉండే ఇత్తడి స్టాండాఫ్‌లను (బోర్డును నిలిపే చిన్న దిమ్మెలను) కొత్త బోర్డు రంధ్రాలతో సరిచూడండి. రంధ్రం లేనిచోట స్టాండాఫ్ మిగిలితే అది బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. పాతదానికి ప్రాసెసర్ కోసం 4 పిన్నుల తీగ ఉంటుంది, కొత్త బోర్డు అడిగేది 8. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేదాని మీద 450 అని రాసి ఉన్నా దాన్ని నమ్మకండి. 450 లేదా 550 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న పేరున్న కంపెనీది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డు లేని ఈ మెషీన్‌కు కావలసినదానికన్నా ఎక్కువే. మామూలు సెట్టింగ్‌లో 8600జీ 88 వాట్లకు మించి తీసుకోదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాక 'కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది' అనే ఫిర్యాదు వస్తుంటుంది. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు, కాబట్టి లోడ్ సమస్య కాదు. చాలాసార్లు కారణం పాత బ్యాటరీ. 12 వోల్ట్, 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. బ్యాటరీ కొత్తదైనా రీస్టార్ట్ అవుతుంటే, చవక యూపీఎస్ ఇచ్చే మెట్ల ఆకారపు తరంగం కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు పడటం లేదని అర్థం. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనకున్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్చాలి. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే సాధారణంగా మెషీన్ తప్పు కాదు, సాకెట్‌కు ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించాకే వాడండి.

మానిటర్‌కు వీజీఏ మాత్రమే ఉంటే కొనేముందే చూసుకోండి. చాలా బీ650 బోర్డుల వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే ఉంటాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, ఉత్త తీగ పనిచేయదు.

విండోస్, తెలుగు ఫాంట్లు, ప్రింటర్

పాత డిస్క్‌లోని విండోస్‌ను అలాగే కొత్త మెషీన్‌లో లేపాలని చూడకండి. అది పాత పద్ధతి బూట్‌తో ఎక్కించినదైతే అసలు లేవదు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 తాజాగా ఎక్కించండి. ఇన్‌స్టాల్ మధ్యలో నెట్ అడుగుతుంది, బోర్డు మీది నెట్‌వర్క్ చిప్‌కు డ్రైవర్ లేక చాలామంది అక్కడే ఆగిపోతారు. లాన్, వైఫై డ్రైవర్లను ముందే వేరే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. పాత డెస్క్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్సు కొత్త బోర్డుకు మారదు, విడిగా కొన్న రిటైల్ లైసెన్సు మారుతుంది. విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కిస్తే డ్రైవ్‌కు దానంతటదే తాళం పడవచ్చు. ఆ తాళం తెరిచే రికవరీ కీని ఆ ఖాతాలో వెతికి కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ తర్వాత ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా అని అడిగినప్పుడు కీ చేతిలో లేకుండా వై నొక్కితే ఫైళ్లు చేజారవచ్చు.

తెలుగు పనిచేసేవారికి ఒక ముఖ్యమైన మాట. గౌతమి, వాణి ఫాంట్లు కొత్త విండోస్‌లో మొదటే ఉండవు. పాత వర్డ్ ఫైలు తెరిస్తే వాటి బదులు వేరే ఫాంట్ వచ్చి పడి, లైన్లు జరిగి, నాలుగు పేజీల దరఖాస్తు ఐదు పేజీలవుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ జోడిస్తే రెండూ వస్తాయి. అను ఫాంట్లతో చేసిన ఫైళ్లు యూనికోడ్ (అన్ని మెషీన్లూ చదివే ఉమ్మడి అక్షర పద్ధతి) కావు, ఆ ఫాంట్లు లేకపోతే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. మీ లైసెన్సు కొత్త మెషీన్‌కు మారుతుందో లేదో అమ్మినవారిని కనుక్కున్నాకే పాతదాన్ని విప్పండి. విండోస్ 11 పూర్తిగా 64 బిట్‌ది. పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములు దానిమీద అస్సలు నడవవు. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ కూడా పాతదే: చివరి వెర్షన్ 7, 2001 నాటిది. జీవనాధారమంతా దానిమీదే ఉన్న డీటీపీ సెంటర్‌కు మా సలహా: పాత మెషీన్‌ను నెట్ తీసేసి ఆ పనికే ఉంచండి, కొత్త పనులు కొత్తదానిలో యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఇప్పటికీ ఎన్నో షాపుల్లో తిరుగుతున్న లేజర్‌జెట్ 1020ని కొత్త మెషీన్‌కు తగిలిస్తే లైటు వెలిగి, పేజీ రాకపోవచ్చు. ఆ ప్రింటర్ ఆన్ అయిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్‌ను కంప్యూటర్‌లోని డ్రైవరే పంపాలి. అందుకే ముందు డ్రైవర్ ఎక్కించి, ఆ తర్వాత తీగ తగిలించి, ప్రింటర్‌ను ఒకసారి ఆపి వేయాలి.

ఇది ఎవరికి వద్దు

ఆరు నెలల్లో గ్రాఫిక్స్ కార్డు కొనే ఆలోచన ఉంటే 8600జీ వద్దు, రైజెన్ 5 7600 తీసుకోండి. 8600జీకి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ అయితే 7600కు 32. కార్డుకు 8600జీ ఇచ్చే లేన్లు (డేటా దారులు) 8 మాత్రమే, అవీ పీసీఐఈ 4 వేగంతో. అందుకే దీనికి ఐదో తరం ఎన్‌వీఎంఈ కొనడం కూడా దండగ. 8500జీని చవక తమ్ముడిగా చూపిస్తారు గానీ దాని గ్రాఫిక్స్ సగం స్థాయిది, కార్డుకు 4 లేన్లే. ఆఫీసు పనికి బాగుంటుంది, అంతకు మించి ఆశించవద్దు. ర్యామ్ ధర మరీ భారమైతే ఇంటెల్ ఐ5 12400, డీడీఆర్4 తీసుకునే బోర్డు మంచి జోడీ. టైపింగ్, టాలీ, బ్రౌజింగ్‌లో తేడా పట్టలేరు. లోపలి గ్రాఫిక్స్ మాత్రం చాలా వెనక. ఆ సాకెట్‌కు ఇక కొత్త తరాలు రావు, ఏఎం5కు మాత్రం కనీసం 2027 దాకా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది.

డేటా మార్చేటప్పుడు పాత హార్డ్ డిస్క్‌ను కొత్త బోర్డు సాటా పోర్టుకు తగిలించి ఫైళ్లు కాపీ చేసుకోండి. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లతో పాటు టాలీ డేటా, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైలు, సీ డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ఫాంట్ల ఫోల్డర్ చూడండి. ఫోల్డర్ తెరవడానికి అనుమతి లేదంటే కంటిన్యూ నొక్కి కాసేపు ఆగితే సాధారణంగా తెరుచుకుంటుంది. ఆ డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. పక్కన పెట్టి, ఒక జీఎస్టీ రిటర్న్ వేసి, ఒక నెల పని పూర్తిగా కొత్తదాని మీద నడిపాక, ఏ ఫైలు కోసమూ మళ్లీ తగిలించాల్సిన పని పడలేదని తేలాక తుడిచేయండి.